తలుపు మీద ఇంటిపేరు

(జర్మనీకి చదువుకోవడానికి వెళ్తున్న తెలుగు పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు బెంగళూరు మారతహళ్ళిలో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో కలుసుకున్న ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి అక్షరరూపం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయపడకండి, నేను టీచర్ని కాను.

నన్ను పిలిచినవాళ్ళు ఒక మాట ముందే చెప్పారు. "అడ్మిషన్ గురించి, వీసా గురించి వద్దండీ, అవి కన్సల్టెన్సీవాళ్ళు గంటలకొద్దీ చెప్తూనే ఉన్నారు. అక్కడ పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా రోజు ఎలా గడుస్తుందో చెప్పండి" అన్నారు. సరేనన్నాను. నా దగ్గర పవర్‌పాయింట్ ఏమీ లేదు. ఇదొక్కటే ఉంది. (పర్సులోంచి చిన్న స్టిక్కర్ తీసి చూపించారు.) దూరంగా ఉన్నవాళ్ళకి కనపడదు. చూపుడు వేలంత పొడవు, అందులో సగం వెడల్పు. తెల్ల ప్లాస్టిక్ పట్టీ మీద నల్ల అక్షరాలు. కత్తితో గీకి తీశాను కాబట్టి ఒక మూల చిరిగింది. అది మా ఇంటిపేరు. అలా చేతులు మారుతూ వెనక వరస దాకా వెళ్ళనివ్వండి. మళ్ళీ నా దగ్గరికి రావాలి సుమా.

నేను 2018 సెప్టెంబరు నెలాఖరులో వెళ్ళాను. ఊరు చెమ్నిట్స్. జర్మనీలో తూర్పువైపు, సాక్సనీ రాష్ట్రం, చెక్ సరిహద్దుకి దగ్గర. 1953 నుంచి 1990 దాకా ఆ ఊరిని కార్ల్ మార్క్స్ స్టాట్ అనేవాళ్ళు. తర్వాత పేరు మార్చేశారు కానీ తలకాయ మాత్రం ఉంచేశారు. ఊరి మధ్యలో 1971లో పెట్టిన మార్క్స్ కంచు తల ఉంటుంది, ఏడు మీటర్ల ఎత్తు. తల ఒక్కటే. ఒళ్ళు లేదు. మా అమ్మకి ఫోటో పంపితే "మిగతాది ఎప్పుడు కడతారే?" అని అడిగింది. (నవ్వులు)

మా నాన్న ఇక్కడే కూర్చున్నారు, హిందూపురం నుంచి పొద్దున్న బస్సుకి వచ్చారు. ఇప్పుడు చెప్పబోయేది ఆయన్ని అడిగే చెప్తున్నాను. నేను టికెట్ కొనుక్కున్నాక, ఆగస్టు 26న, ఆ ఊళ్ళో పండగ జరుగుతుండగా ఒక మనిషిని కత్తితో పొడిచి చంపారు. అనుమానం శరణార్థుల మీదికి వెళ్ళింది. దాంతో తీవ్ర జాతివాద మూకలు రోడ్ల మీదికి వచ్చి, పరాయివాళ్ళలా కనిపించినవాళ్ళని తరిమాయి. ప్రపంచమంతా వార్త అయింది. వారం తిరిగాక, సెప్టెంబరు 3న, అదే ఊళ్ళో ఆ మూకలకి వ్యతిరేకంగా సంగీత కచేరీ పెడితే 65 వేల మంది వచ్చారు. మా నాన్న టీవీలో మొదటి సగమే చూశారు. రెండో సగం టీవీవాళ్ళు చూపించలేదో, ఈయన అప్పటికే టీవీ కట్టేశారో తెలీదు.

టికెట్ క్యాన్సిల్ చెయ్యమన్నారు. రెండు రోజులు ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. చివరికి మూడు షరతుల మీద ఒప్పుకున్నారు. రాత్రిళ్ళు ఒంటరిగా తిరగకూడదు. ఎవరితోనూ వాదన పెట్టుకోకూడదు. ఇంటి తలుపు మీద పేరు రాసుకోకూడదు. "పేరు చూస్తే పరాయిదేశం పిల్ల అని తెలిసిపోతుంది, అనవసరంగా ఎందుకు?" అన్నారు. ఆ మూడో షరతు నాకూ సబబుగానే తోచింది. ఇప్పుడు నవ్వుతున్నారు గానీ ఆరోజు మీరైనా అదే అనేవాళ్ళు.

ఇక్కడ అడ్రసుల గురించి కాస్త చెప్పాలి. బెంగళూరులో మన అడ్రసు ఎలా ఉంటుంది? ఫ్లాట్ నంబరు, ఏడో మెయిన్, నాలుగో క్రాస్, అయ్యంగార్ బేకరీ ఎదురుగా, ట్రాన్స్‌ఫార్మర్ పక్క సందు. ఇంత రాసినా డెలివరీ అబ్బాయి ఫోన్ చేసి కన్నడంలో "మేడమ్, ఎల్లిదీరా?" అంటాడు, ఎక్కడున్నారని. మా నాన్నకి హిందూపురంలో చింతపండు మండీ. కవరు మీద ఆయన పేరు, కింద హిందూపురం అని ఉంటే చాలు, ఉత్తరం మండీకి వచ్చేస్తుంది. జర్మనీలో వీధి పేరు, ఇంటి నంబరు, పిన్‌కోడు, ఊరు. అంతే. ఇంటి నంబరంటే బిల్డింగ్ మొత్తానికి ఒకటే. పన్నెండు కాపురాలుంటే పన్నెండింటికీ అదే నంబరు. ఫ్లాటుకి విడిగా నంబరు చాలా ఇళ్ళకి ఉండదు. మరి ఉత్తరం ఎవరిదని తెలిసేదెలా? కింద ద్వారం దగ్గర ఇనప డబ్బాలు వరసగా ఉంటాయి, ఒక్కో డబ్బా మీద ఒక ఇంటిపేరు. కాలింగ్ బెల్లుల మీదా అంతే. పోస్టుమ్యాన్ పేరు చూస్తాడు, డబ్బాలో పడేస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం పంపినవాళ్ళకే తిరిగి వెళ్ళిపోతుంది. మీకు ఫోన్ చేసి ఎక్కడున్నారని ఎవరూ అడగరు.

ఇంకో సంగతి, ఆ దేశంలో ముఖ్యమైనవన్నీ ఉత్తరంలోనే వస్తాయి. బ్యాంకు కార్డు ఒక కవర్లో, దాని పిన్ నంబరు నాలుగు రోజుల తర్వాత ఇంకో కవర్లో. ఇన్సూరెన్స్ కార్డు ఒక కవర్లో. టాక్స్ నంబరు ఇంకో కవర్లో. మనకి ఓటీపీ ఎలాగో వాళ్ళకి కవరు అలాగ.

నాకు హాస్టల్లో గది దొరకలేదు, వెయిటింగ్ లిస్టు. ఒక పాత ప్లాటెన్‌బౌలో, అంటే తూర్పు జర్మనీ కాలంలో కాంక్రీటు పలకలు పేర్చి కట్టిన బిల్డింగులో, అయిదో అంతస్తులో గది తీసుకున్నాను. లిఫ్ట్ లేదు. ఫ్లాట్‌లో ఇంకో ఇద్దరు, ఒక జర్మన్ అమ్మాయి, ఒక వియత్నాం అబ్బాయి. కరెంటు, వేడినీళ్ళు అన్నీ కలిపి నా వాటా 230 యూరోలు. చెమ్నిట్స్ చవక ఊరు, మ్యూనిక్‌లో ఆ డబ్బుకి మూడో వంతు గది కూడా రాదు.

దిగిన రెండు వారాల్లోపు మునిసిపాలిటీలో పేరు నమోదు చేయించుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. ఆ కాగితం పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. మా ఇంటిపేరే పొడుగు అనుకునేదాన్ని, ఆ మాట విన్నాక మనసు కుదుటపడింది. (నవ్వులు) నమోదు చేసుకున్నాను, ముద్ర కొట్టారు, బ్యాంకులో ఖాతా తెరిచాను, ఇన్సూరెన్స్ కట్టాను. అన్నీ పద్ధతిగా చేశాననుకుని ఇంట్లో కూర్చున్నాను. సర్కారుకి నేనెవరో తెలుసు. మా బిల్డింగ్ పోస్టుమ్యాన్‌కే తెలీదు.

వారం అయింది, పది రోజులయ్యాయి, కార్డు రాలేదు. పిల్లలకి బ్లాక్డ్ అకౌంట్ గురించి తెలిసే ఉంటుంది, పెద్దవాళ్ళ కోసం చెప్తాను. వెళ్ళేముందే ఏడాది ఖర్చు ఒక ఖాతాలో వేసి చూపించాలి. నా రోజుల్లో 8,640 యూరోలు, నెలకి 720 చొప్పున వదిలేవాళ్ళు. ఇప్పుడది 11,904, నెలకి 992. డబ్బు మీదే, కానీ నెలనెలా మీ జర్మన్ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా నడపడానికి కార్డు కావాలి, పిన్ కావాలి. నా దగ్గర రెండూ లేవు. చేతిలో ఉన్నది మా అన్నయ్య మార్పించి ఇచ్చిన 300 యూరోల నోట్లు, అందులో సగం అప్పటికే పరుపుకీ దుప్పటికీ పోయింది. అక్కడ గదంటే ఒట్టి గదే, చాలాచోట్ల లైటు కూడా మనమే బిగించుకోవాలి.

ఇరవై మూడు రోజులు అలా నడిపాను. బియ్యం, కందిపప్పు, సూట్‌కేసులో తెచ్చుకున్న ఆవకాయ, గుడ్లు, బంగాళాదుంపలు. నేను జర్మనీలో మొదటిసారి సంపాదించిన డబ్బు ఎంతో తెలుసా? నాలుగు యూరోల పాతిక సెంట్లు. అక్కడ ప్లాస్టిక్ సీసా కొంటే పాతిక సెంట్లు డిపాజిట్ ముందే పట్టుకుంటారు. ఖాళీ సీసా సూపర్‌మార్కెట్‌లో ఒక మెషిన్ నోట్లో పెడితే లోపలికి లాక్కుని చీటీ ఇస్తుంది, దాన్ని కౌంటర్లో ఇస్తే డబ్బులు. మా వియత్నాం అబ్బాయి వంటింటి మూల పదిహేడు సీసాలు పోగేశాడు. "నేను వేసి రానా?" అన్నాను. "డబ్బులు నువ్వే ఉంచుకో, ఆ మూల ఖాళీ అయితే చాలు" అన్నాడు. గాజు బీరు సీసాకి ఎనిమిది సెంట్లే వస్తాయి, అవి మోసుకెళ్ళడం దండగ అని కూడా ఆరోజే తెలిసింది.

ఇరవై మూడో రోజు బ్యాంకుకి వెళ్ళాను. కౌంటర్లో ఆయన కంప్యూటర్ తెర నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. కార్డు వెనక్కి వచ్చింది. పిన్ వెనక్కి వచ్చింది. రెండో కార్డు పంపారు, అదీ వెనక్కే వచ్చింది. కారణం, ఆ చిరునామాలో ఈ పేరు గలవాళ్ళు లేరు. ఆయన నన్ను చూసి మెల్లిగా, ఇంగ్లీషులో, "డబ్బా మీద మీ పేరు ఉందా?" అన్నాడు.

ఇంటికొచ్చి మా జర్మన్ అమ్మాయికి చెప్పాను, నాన్న షరతుతో సహా. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆగస్టులో తను ఆ ఊళ్ళోనే ఉంది, ఏం జరిగిందో కళ్ళారా చూసింది. ఏమీ అనకుండా గదిలోకెళ్ళి, అక్షరాలు కొడితే పట్టీ బయటికి వచ్చే చిన్న మెషిన్ తెచ్చి, "స్పెల్లింగ్ చెప్పు" అంది. మా ఇంటిపేరులో పదిహేను ఇంగ్లీషు అక్షరాలు. మొదటి పట్టీ డబ్బా కన్నా పొడుగొచ్చింది. రెండోది అక్షరాలు చిన్నవి చేసి కొట్టింది. అప్పుడు ఇద్దరం అయిదంతస్తులు దిగి అంటించి వచ్చాం. ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతున్నది ఆ రెండోదే. నాన్నకి మాత్రం ఆ సంగతి నాలుగు నెలల దాకా చెప్పలేదు.

పేరు అంటించాక వచ్చిన మొదటి ఉత్తరం ఏంటంటారా? బ్యాంకు కార్డు కాదు. టీవీ, రేడియో చందా కట్టమని నోటీసు, నెలకి పదిహేడున్నర యూరోలు. మా ఇంట్లో టీవీయే లేదు. అయినా కట్టాలి, ఇంటికి ఒకటి చొప్పున. ఇప్పుడు 18 యూరోల 36 సెంట్లు అయింది. ఫ్లాట్‌లో ఒకరు కడితే చాలు, మిగతావాళ్ళు వాటా ఇచ్చుకోవచ్చు. అది తెలియక ముగ్గురూ విడివిడిగా కట్టిన మనవాళ్ళని చూశాను.

ఇంటిపేరు గురించి ఇంకొంచెం చెప్తాను, ఇది మన తెలుగువాళ్ళకే ప్రత్యేకంగా వచ్చే చిక్కు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, కానీ దాంతో మనల్ని ఎవరూ పిలవరు. ఒక అక్షరం, పక్కన చుక్క, అంతే దాని బతుకు. మా నానమ్మ ఎవరింటికైనా సంబంధం చూడ్డానికి వెళ్తేనే "ఇంటిపేరేంటి?" అని అడిగేది. అక్కడ ఆఫీసుల్లో, డాక్టరు దగ్గర, ప్రొఫెసరు ఈమెయిల్లో మీరు మీ ఇంటిపేరే. ఆడవాళ్ళైతే ఫ్రౌ ఫలానా, మగవాళ్ళైతే హెర్ ఫలానా. ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వెయిటింగ్ రూములోకి వచ్చే ప్రతివాళ్ళూ అక్కడ కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్ళందరికీ "గూటెన్ టాగ్" చెప్పి కూర్చుంటారు, అది వాళ్ళ మర్యాద. నేనూ చెప్పి కూర్చున్నాను. నర్సు వచ్చి మా ఇంటిపేరు పిలిచింది. నేను కదల్లేదు. మళ్ళీ పిలిచింది. ఎవర్నో పిలుస్తోంది పాపం, ఆయన రాలేదేమో అనుకుంటున్నాను. ఆ పేరు నాకు వినపడింది మా నాన్న పేరులా. నాలుగోసారి ఆమె నేరుగా నా మొహంలోకి చూసి పిలిచింది.

మీలో కొందరి పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, పేరు మొత్తం కింది గడిలో ఉంటుంది. ఇంకొందరికి ఒక్క అక్షరమే ఉంటుంది. అక్కడ ఒక్కో ఆఫీసు దాన్ని ఒక్కోలా రాసుకుంటుంది. నా క్లాస్‌మేట్ ఒకబ్బాయికి బ్యాంకులో ఒక పేరు, ఇన్సూరెన్స్‌లో ఒక పేరు, యూనివర్సిటీ కార్డు మీద ఇంకో పేరు. డబ్బా మీద మూడూ రాసుకున్నాడు. చూసినవాళ్ళు ఆ ఇంట్లో ముగ్గురున్నారనుకునేవాళ్ళు. అందుకే ఇవాళ పాస్‌పోర్టులు తెచ్చుకోమని చెప్పించాను.

చదువు గురించి రెండు మాటలే చెప్తాను. మొదటి క్లాసు ఉదయం ఏడున్నరకి. డిసెంబరులో ఆ టైముకి ఇంకా చీకటే, ఎనిమిది అయితే గానీ తెల్లవారదు. సాయంత్రం క్లాసు నుంచి బయటికొచ్చేసరికి మళ్ళీ చీకటి. క్లాసు అయిపోగానే చప్పట్లు కొట్టరు, పిడికిలి ముడిచి బల్ల మీద టకటకా కొడతారు. మొదటిరోజు ఏదో గొడవ మొదలైందనుకున్నాను. మార్కులు తలకిందులు, 1.0 అన్నిటికన్నా గొప్ప, 4.0 పాస్, 5.0 ఫెయిల్. "అమ్మా, 1.7 వచ్చింది" అంటే "ఎంతకి? పదికా?" అని ఫోన్లో నిట్టూర్చింది. మామూలుగా ఒక పరీక్షకి మూడు అవకాశాలే. మూడోసారీ తప్పితే ఆ కోర్సు అక్కడితో సరి, మన సప్లీల్లాగా రాస్తూ పోవడం కుదరదు. కాబట్టి ప్రిపేర్ కాని పరీక్షకి గడువులోపు పేరు తీయించుకోవడం నామోషీ కాదు, తెలివైన పని.

ఆదివారం. దీని గురించి ఎవరెంత చెప్పినా అనుభవిస్తేగానీ తెలియదు. ఇక్కడ పది నిమిషాల్లో కొత్తిమీర ఇంటికొచ్చే ఊళ్ళో పెరుగుతున్నారు మీరు. అక్కడ ఆదివారం ఒక్క సూపర్‌మార్కెట్ తెరవరు, పెద్ద రైల్వే స్టేషన్లలో ఏవో ఒకటి రెండు తప్ప. శనివారం సాయంత్రం పెరుగు కొనడం మర్చిపోతే సోమవారం దాకా పెరుగన్నం లేదు. దుకాణాలే కాదు, చప్పుడు కూడా బంద్. ఆదివారం గోడకి మేకు కొట్టకూడదు, వాక్యూమ్ వెయ్యకూడదు, ఖాళీ సీసాలు గాజు సీసాల డబ్బాలో పడెయ్యకూడదు. రోజూ రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరు దాకా కూడా అంతే.

ఇదేమీ తెలియకుండా నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను మిక్సీలో ఇడ్లీపిండి రుబ్బాను. మన మిక్సీ చప్పుడు మీకు తెలుసుగా, ఆ కాంక్రీటు పలకల్లోంచి కింది అంతస్తులన్నిటికీ దిగుతుంది. సోమవారం డబ్బా తెరిస్తే ఒక కవరు. స్టాంపు లేదు, చేతిరాత, గుండ్రటి అక్షరాలు. పదిహేను అక్షరాల్లో ఒక్కటి తప్పు పోకుండా మా ఇంటిపేరు. జర్మనీలో నాకంటూ ఒక మనిషి రాసిన మొదటి ఉత్తరం అది. ఎంత సంబరపడ్డానో. గదికెళ్ళి డిక్షనరీ దగ్గర పెట్టుకుని చదివితే, ఫిర్యాదు. (నవ్వులు) కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ. "గౌరవనీయులైన ఫ్రౌ ఫలానా, ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లోంచి డ్రిల్లింగ్ శబ్దం దాదాపు నలభై నిమిషాలు వచ్చింది."

నేను జవాబు రాశాను. మూడు చిత్తుప్రతులు. మా జర్మన్ అమ్మాయి ఎర్రపెన్నుతో దిద్దింది. అది డ్రిల్లింగ్ కాదనీ, బియ్యం, మినప్పప్పు రుబ్బుతున్నాననీ, ఇకమీదట ఆదివారం రుబ్బననీ, వారంలో ఏ రోజైతే మీకు ఇబ్బంది లేదో చెప్పమనీ రాసి ఆవిడ డబ్బాలో వేశాను. బెల్లు కొట్టి మాట్లాడొచ్చుగా అంటారేమో, ఉత్తరానికి ఉత్తరమే మర్యాద అని మా జర్మన్ అమ్మాయి చెప్పింది. రెండు రోజులకి ఆ పెద్దావిడ తిరిగి రాసింది. గురువారం పది నుంచి పన్నెండు దాకా కూతురింటికి వెళ్తానంది, అప్పుడు ఎంతైనా రుబ్బుకోమంది. అంతే, ఆ రెండున్నరేళ్ళు మా ఇంట్లో ఇడ్లీపిండి గురువారమే. చలికాలం పిండి పులియదు కదా, ఓవెన్‌లో లైటు మాత్రం వేసి ఆ వెచ్చదనంలో గిన్నె పెట్టి మూసేదాన్ని, శుక్రవారం సాయంత్రానికి పొంగేది. శనివారం ఇడ్లీలు. ఇప్పటికీ బెంగళూరులో గురువారం వస్తే చెయ్యి మిక్సీ వైపు పోతుంది.

పార్ట్‌టైమ్ ఉద్యోగాల గురించి చాలామంది అడిగారు. అప్పట్లో ఏడాదికి 120 పూర్తి రోజులు చెయ్యనిచ్చేవాళ్ళు, 2024 మార్చి నుంచి 140 చేశారు, సగం రోజులైతే 280. కనీస వేతనం 2018లో గంటకి 8 యూరోల 84 సెంట్లు, 2026లో 13 యూరోల 90 సెంట్లు. తల్లిదండ్రులు ఈ అంకెని రూపాయల్లోకి మార్చి మురిసిపోకండి. అద్దె, ఇన్సూరెన్స్ కూడా పెరిగాయి. నేను నెలకి 90 దాకా కట్టిన ఇన్సూరెన్స్ ఇప్పుడు 140 దాటింది.

నా మొదటి ఉద్యోగం శనివారాలు సూపర్‌మార్కెట్ల ప్రకటన కాగితాలు ఇళ్ళ డబ్బాల్లో వెయ్యడం. చక్రాల బండి లాక్కుంటూ ఒక్కో వీధిలో నాలుగైదు వందల డబ్బాలు. సగం డబ్బాల మీద "బిట్టె కైన వెర్బుంగ్" అని ఉంటుంది, ప్రకటనలు వద్దు అని. వాటిల్లో వేస్తే ఏజెన్సీకి ఫిర్యాదు వెళ్తుంది. అందుకని ప్రతి డబ్బా మీది అక్షరం చదివి తీరాలి. అలా ఆ ఊరివాళ్ళందరి ఇంటిపేర్లూ చదివాను. పెళ్ళయినా ఎవరి ఇంటిపేరు వాళ్ళు ఉంచుకున్న జంటలవి రెండేసి. వియత్నాం పేర్లు ఎన్ని ఉండేవో. తూర్పు జర్మనీ కాలంలో ఫ్యాక్టరీ పనులకి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. చనిపోయినవాళ్ళ పేర్లు కూడా కొన్ని అలాగే ఉండిపోతాయని తర్వాత తెలిసింది.

జనవరిలో ఒకరోజు, మంచు పడుతోంది, ఒక డబ్బా మీద చివర "పల్లి" అని ఉన్న పేరు కనపడింది. తెలుగు పేరు! కాళ్ళు ఆగిపోయాయి. పేరు మొత్తం చెప్పను, మీలో వాళ్ళ చుట్టాలుంటారు. ఏ కడపవాళ్ళో, కరీంనగర్‌వాళ్ళో, వేడివేడి కాఫీ ఇస్తారని బెల్లు కొట్టాను. తలుపు తీసింది సిరియా అబ్బాయి. "పల్లి?" అన్నాను. "నేనే" అన్నాడు. (నవ్వులు) నిజం పల్లిగారు వేరే ఊరికి ఉద్యోగానికి వెళ్ళాడట, ఇంటి ఒప్పందం ఆయన పేరునే ఉంది, ఇతను ఆ ఖాళీలో ఆరు నెలలుగా ఉంటున్నాడు. ఆ పేరు కిందే కాగితం ముక్క మీద చిన్నగా తన పేరు రాసుకున్నాడు, అది వర్షానికి చెరిగిపోయింది. చుట్టుపక్కలవాళ్ళు ఇతన్నే హెర్ పల్లి అంటారట. ఇతనూ పలుకుతాడు. కాఫీ కాదు గానీ గాజు గ్లాసులో టీ ఇచ్చాడు, చక్కెర బాగా వేసి. "ఈ మాటకి అర్థం ఏంటి?" అని అడిగాడు. ఊరు అని చెప్పాను, చిన్న ఊరు. "ఏ ఊరు?" అన్నాడు. ఎన్ని వేల ఊళ్ళకి ఆ చివర ఉంటుందో చెప్తే ఆశ్చర్యపోయాడు.

అతని దగ్గర నేర్చుకున్నది మీకు పనికొస్తుంది. మొదటి నెల స్నేహితుల గదిలో దిగేవాళ్ళు, మీ ఉత్తరాల్లో అడ్రసు రాసేటప్పుడు మీ పేరు కింద సీ బార్ ఓ, అంటే కేరాఫ్, పెట్టి, డబ్బా మీద ఉన్నవాళ్ళ ఇంటిపేరు రాయించండి. లేకపోతే వాళ్ళ డబ్బా మీద మీ పేరు కూడా అంటించండి. వర్షానికి చెరగని ఇంకుతో.

మిగతావి గబగబా చెప్పేస్తాను, వెనక టీ వాసన వస్తోంది. కుక్కర్ తీసుకెళ్ళండి, గ్యాస్కెట్లు రెండు ఎక్కువ పెట్టుకోండి. సోనామసూరి బియ్యం, చింతపండు ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి, మా నాన్నకి మాత్రం ఆ చింతపండు నచ్చదు. కుళాయి నీళ్ళు తాగొచ్చు. చలికాలంలో కూడా రోజుకి రెండుసార్లు అయిదేసి నిమిషాలు కిటికీ బార్లా తెరవండి, అన్నం వండిన ఆవిరి, గదిలో ఆరేసిన బట్టల తడి గోడకి బూజు పట్టిస్తుంది. ఆ బూజు ఖర్చు మీ అడ్వాన్స్‌లోంచి కోసుకుంటారు. ఫోన్ టైము ముందే మాట్లాడుకోండి, వేసవిలో మనకన్నా మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర. భాష ఇక్కడే మొదలుపెట్టండి. ఇందిరానగర్ సీఎంహెచ్ రోడ్డులో గోథే ఇన్‌స్టిట్యూట్ ఉంది, వారాంతం బ్యాచ్ దొరికితే వదలకండి. ఇంగ్లీషు మీడియం కోర్సు కదా అనుకోవద్దు. కోర్సు ఇంగ్లీషులోనే ఉంటుంది, ఉత్తరం జర్మన్‌లో వస్తుంది.

అక్కడ మనవాళ్ళు ఉంటారా అన్న బెంగ అక్కర్లేదు. 2023-24 శీతాకాలం సెమిస్టర్‌లో జర్మనీలో భారతీయ విద్యార్థులు 49 వేల పైచిలుకు, అక్కడున్న విదేశీ విద్యార్థుల్లో మనదే పెద్ద గుంపు. వినాయక చవితికి ఉండ్రాళ్ళు తిన్నాను, ఉగాది పచ్చడికి వేపపువ్వు మాత్రం దొరకలేదు.

2020లో కోవిడ్ వచ్చింది, లైబ్రరీ మూసేశారు, థీసిస్ ఆరు నెలలు వెనకపడింది. ఆ రోజుల్లో ఆ కింది పెద్దావిడకి సరుకులు నేనే తెచ్చి తలుపు ముందు పెట్టేదాన్ని, చీటీ మా డబ్బాలో వేసేది. ఎదురుబొదురుగా కూర్చుని మాట్లాడింది బహుశా రెండుసార్లు. మిగతాదంతా ఉత్తరాలే.

2021 వసంతంలో వచ్చేశాను. వచ్చేముందు మళ్ళీ మునిసిపాలిటీకి వెళ్ళి పేరు తీయించుకోవాలి, ఆప్‌మెల్డుంగ్ అంటారు, మర్చిపోకండి, చందాలు ఆపాలన్నా ఆ కాగితమే అడుగుతారు. ఆఖరిరోజు సూట్‌కేసులు కిందికి దించాక డబ్బా దగ్గర నిలబడ్డాను. రెండున్నరేళ్ళలో ఆ పట్టీ గట్టిగా అతుక్కుపోయింది, గోటికి రాలేదు. మళ్ళీ అయిదంతస్తులు ఎక్కి కూరగాయల కత్తి తెచ్చుకుని గీకాను. కింది ఫ్లాట్ ఆవిడ కిటికీలోంచి చూసి చెయ్యి ఊపింది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో తలుపు మీద నంబరే. వాచ్‌మన్ నన్ను "ఫోర్ నాట్ సెవెన్ మేడమ్" అంటాడు. నాన్న మొన్న వచ్చినప్పుడు చూసి, "పేరు బోర్డు పెట్టించుకోవచ్చు కదా" అన్నారు. అవునా నాన్నా? (నవ్వులు) అదిగో, తల అడ్డంగా ఊపుతున్నారు, అనలేదట.

సరే, టీ తాగండి. పాస్‌పోర్టులు తెచ్చినవాళ్ళు ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి, సర్‌నేమ్ గడి చూద్దాం, మార్పించుకోవడానికి ఎంత టైముందో కూడా చూద్దాం. అన్నట్టు, ఆ స్టిక్కర్ ఎవరి దగ్గరుంది?